వాసన లేదు

నేను పనిచేసే చోట వాసన అంటే తప్పు. కుళాయిల్లోకి వెళ్ళే నీటిని రోజూ ఉదయం తొమ్మిదింటికి ఐదుగురం కూర్చుని వాసన చూస్తాం. గోరువెచ్చని నీళ్ళున్న మూడు ఫ్లాస్కులు ఒక్కొక్కరి ముందుకూ వస్తాయి. రెండింట్లో బొగ్గు గుండా వడపోసిన నీళ్ళు, ఒకదాంట్లో ఊళ్ళోకి వెళ్ళే నీళ్ళు. ఏది వేరో చెప్పాలి. మూత తీసి, ఫ్లాస్కుని ఒకసారి గుండ్రంగా తిప్పి, రెండుసార్లు పీల్చి, మూత పెట్టేయాలి. మట్టి, గడ్డి, చేప, ప్లాస్టిక్ గొట్టం, క్లోరిన్ అని మా దగ్గర పేర్లున్నాయి. ఏ పేరూ రాయనక్కర్లేని రోజు మంచి రోజు. ఆ రోజు కాగితం మీద 'వాసన లేదు' అని రాసి, సంతకాలు పెట్టి టీకి లేస్తాం.

యంత్రాలు ఉండగా మనుషులెందుకని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. తొలకరి పడగానే నేలలోంచి లేచే వాసన ఉంటుంది కదా, దానికి కారణమైన పదార్థం పెద్ద ఈతకొలనులో చిటికెడు కలిసినా మనిషి ముక్కు పట్టేస్తుంది. యంత్రానికి అదే పని చెప్పాలంటే ముందు రోజు నుంచి తయారీ. ముక్కుకి ఒక్క ఊపిరి చాలు. ఇరవై ఏళ్ళుగా ఆ ఒక్క ఊపిరికే నాకు జీతం. ల్యాబులో నా పేరే ముక్కు.

ఈ ఉద్యోగం ఇంటికి కూడా వస్తుంది. సెంటు కొట్టుకోకూడదు, తలకి నూనె పెట్టకూడదు, వాసన సబ్బు వాడకూడదు. నా భార్య నాతోపాటు అవన్నీ మానేసింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి సబ్బు కొట్టు ముందు నిలబడి, "నేను మీకు పెళ్ళాన్నా, మీ ముక్కుకా?" అంది. తర్వాత నవ్వింది, వాసన లేని సబ్బు రెండు కొంది. అలా పదిహేనేళ్ళు మా ఇంట్లో ఏ పరిమళమూ లేదు. ఆమె దగ్గర ఉన్నదల్లా ఆమె ఒంటి వాసన. దానికి మా జాబితాలో పేరు లేదు. పేరు పెట్టాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఒక సోమవారం పొద్దున్న ఆమె స్నానాల గదిలోంచి నన్ను పిలిచింది. తలలో నరం చిట్లిందన్నారు. మూడో రోజుకి పోయింది. ఆస్పత్రిలో ఆమె దగ్గర ఆస్పత్రి వాసనే ఉంది. ఇంటికి వచ్చేసరికి మంచం మీద ఆమె దిండు మధ్యలో తల ఆనిన గుంటతో అలాగే ఉంది. నేను గ్లోవ్స్ వేసుకున్నాను. పట్టకారుతో దిండు మీది గలేబు తీశాను. నమూనాల కోసం ల్యాబులో వేడి చేసి శుభ్రం చేసిన వెడల్పు మూతి గాజుసీసా ఒకటి ఇంట్లో ఉంది. గలేబుని మడతపెట్టి అందులో పెట్టి, బిగించి, తేదీ అంటించి, ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచాను. భార్య పోయినవాడు ఆ గంటలో చేసే పని అది కాదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా చేతులకి వేరే పని రాలేదు.

మాతో ఉండే అత్తగారు రెండో రోజు పెరుగు కోసం ఫ్రిజ్ తీసి ఆ సీసా చూసింది.

"ఏమిటి బాబూ ఇది?"

చెప్పాను.

"ఫ్రిజ్‌లో పెట్టడానికి నా కూతురు కూరగాయటయ్యా?" అంది. పెరుగు తీసుకోకుండానే తలుపు మూసింది. ఆ తర్వాత ఆ అర జోలికి పోలేదు.

సీసా పిల్ల కోసమని నేను అందరితోనూ అన్నాను. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. ఒక్కో మెతుకే ఏరుకుని తినేది కాబట్టి వాళ్ళమ్మ పిట్ట అని పిలిచేది, అదే ఖాయమైంది. ఆరేళ్ళ పిల్లకి తల్లి ముఖం ఫోటోల్లో దొరుకుతుంది, గొంతు ఫోన్‌లో దొరుకుతుంది. వాసన ఎక్కడా దొరకదు. పుట్టిన మొదటి వారంలోనే ఆ పిల్ల కళ్ళు సరిగా కనపడకుండానే తల్లి వైపు మెడ తిప్పింది దాన్ని పట్టుకునే. కాబట్టి సీసా దానికోసమే. నాకు ఏమీ అక్కర్లేదు. ఈ వాదన ఎంత నున్నగా ఉందంటే, అందులో నా వేళ్ళు ఎక్కడా అంటుకోలేదు. ఇలాంటి నున్నటి వాదన మనసు ఎప్పుడు తయారుచేసుకుంటుందో ఆ తర్వాతే తెలిసింది.

పిట్టకి నియమం చెప్పాను. ఆరు నెలలకి ఒకసారి. రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు.

"ఎందుకు రోజూ తీయకూడదు?"

"వాసనంటే వస్తువులోంచి లేచి వచ్చే ముక్కలే. కంటికి కనపడనంత చిన్నవి. కాఫీ వాసన వచ్చిందనుకో, కొంచెం కాఫీ నీ ముక్కులోకి వచ్చినట్టే."

"అయితే ఇందులో వాసన చూస్తే?"

"కొంచెం అమ్మ."

ఆలోచించింది. "వచ్చింది మళ్ళీ వెనక్కి వెళ్తుందా?"

"వెళ్ళదు. అందుకే ఊరికే తీయకూడదు."

చక్కగా చెప్పానని ఆ పూట సంతోషపడ్డాను. పిల్లలకి సైన్సు ఇలాగే చెప్పాలని కూడా అనుకున్నాను.

ఆరు నెలలకి, ఒక ఆదివారం పొద్దున్న, ఇద్దరం వంటింటి బల్ల దగ్గర నిలబడి సీసా తీశాం. ముందు నేను. ఒకటి, రెండు. ఉంది. దుప్పటి కింద చెయ్యి చాపితే తగిలే వెచ్చదనం ఎలా ఉంటుందో అలా ఉంది. తర్వాత పిట్ట. కళ్ళు మూసుకుని పీల్చి, ఊపిరి వదలకుండా బుగ్గలు ఉబ్బించి నిలబడింది. "వదులు, పిచ్చిదానా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. చివరికి వదిలాక దగ్గొచ్చింది.

కానీ నా ముక్కు మరొకటి కూడా పట్టింది. సన్నగా, అంచున, ఫ్రిజ్ తలుపు రబ్బరు వాసన. సీసా మూత ఎక్కడో సందు వదులుతోంది. మర్నాడు ల్యాబు నుంచి ఒక చిన్న గుడ్డమూట తెచ్చాను. లోపల మా బొగ్గు గుళికలు. బయటి వాసనని అది పట్టేస్తుంది, లోపలికి రానివ్వదు. మూటని గలేబు పక్కన ఉంచి మూత బిగించాను. ఇంటికి కాపలా పెట్టి ఊరెళ్ళేవాడిలా ఆ రోజంతా మనసు తేలికగా ఉంది.

ఏడాది నిండింది. మళ్ళీ ఆదివారం, మళ్ళీ అదే బల్ల. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. మూత తీసి పీల్చాను. ఒకటి, రెండు.

ఏమీ లేదు.

మళ్ళీ పీల్చాను. నియమం మర్చిపోయి నాలుగుసార్లు, పదిసార్లు. గలేబు చేతిలోకి తీసుకుని ముఖానికి అదుముకున్నాను. చల్లటి గుడ్డ. జలుబు చేసిందేమోనని ఇంగువ డబ్బా తీసి చూశాను, ఘాటుగా తగిలింది. ముక్కు బాగానే ఉంది. అప్పుడు పిట్ట వైపు చూశాను. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. వాసన చూస్తానని అడగలేదు.

"నువ్వు తీశావా?"

తలూపింది.

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

"ఎవరు తియ్యమన్నారు నిన్ను? చెప్పానా లేదా? అయిపోతుందని చెప్పానా?"

"చెప్పావు."

"మొత్తం తాగేశావు. మీ అమ్మని మొత్తం తాగేశావు నువ్వు."

అత్తగారి చేతిలో బఠానీ కాయ ఆగిపోయింది. "ఏం మాటలు బాబూ అవి" అంది నెమ్మదిగా. పిట్ట ఏడవలేదు. ఏడిస్తే నేను ఆగేవాడినేమో. తప్పు తనదని అది చాలా కాలం క్రితమే ఒప్పుకుని, ఈ రోజు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. ఆ అరుపు వెనక నాలో ఒక రకమైన ఊరట ఉందని కూడా చెప్పాలి. తిట్టడానికి మనిషి దొరికింది. ఏడాదిగా ఎవరూ దొరకలేదు.

ఆ రోజు నేను చాలాసేపు బాల్కనీలో కూర్చుని ఆమె వాసనని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ముఖం వచ్చింది. మెడ మీద పుట్టుమచ్చ వచ్చింది. వాసన రాలేదు. అది ఎదుట ఉంటేనే ఉంటుంది, పిలిస్తే రాదు. ముక్కు లోపల వాసన పట్టే కణాలు నెలకో రెండు నెలలకో చచ్చిపోతాయి, వాటి చోట కొత్తవి పుడతాయి. ఈ సంగతి కొత్తవాళ్ళకి శిక్షణలో నేనే చెప్తాను, వాళ్ళు ఆశ్చర్యపోతారు. ఆమెను ఎరిగిన కణాలు ఇప్పుడు నా తలలో ఒక్కటి కూడా లేదు. ఆమెను ఎరగని ముక్కుతో తిరుగుతున్నాను.

మర్నాడు సీసాని సంచిలో పెట్టుకుని ల్యాబుకి తీసుకెళ్ళాను. నాకు అందనిది ఇంకొకరికి అందవచ్చు. మా ఐదుగురిలో పెద్దావిడ ఉంది, అందరం అక్క అంటాం. ఆమె ముక్కు నాకంటే పదును. పొద్దుటి పరీక్ష అయ్యాక మూడు సీసాలు ఆమె ముందు పెట్టాను. రెండింట్లో ఉతికి ఆరబెట్టిన నూలుగుడ్డ, ఒకదాంట్లో గలేబులోంచి కత్తిరించిన ముక్క. ఏమిటో చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

"మళ్ళీ ఏం పట్టుకొచ్చావురా? టీ తాగనివ్వవా?"

"ఒక్క నిమిషం అక్కా. తర్వాత టీ నేనే పోయిస్తాను."

"నువ్వు పోయిస్తానంటే ఇదేదో కంపే అయ్యుంటుంది."

మూడూ చూసింది. మళ్ళీ చివరి నుంచి మూడూ చూసింది. మామూలుగా రెండోసారి చూడదు, నా ముఖంలో ఏదో కనిపించినట్టుంది.

"మూడూ ఒకటే. ఏమీ లేదు."

"సరిగ్గా చూడక్కా."

"చూశానురా. ఎక్కడి నమూనా ఇది? ఇంత శుభ్రంగా ఉన్న గుడ్డ నేనెప్పుడూ చూడలేదు." మెచ్చుకుంటున్నట్టే అంది. మా దగ్గర అది మెచ్చుకోలే.

పక్క బల్ల దగ్గర మాస్టారు తల ఎత్తాడు. ఆయన మా రసాయన శాస్త్రవేత్త. ఇదివరకు బడిలో పాఠాలు చెప్పేవాడు, అందుకే మాస్టారు. "ఏవోయ్ ముక్కూ, ఏమిటి రహస్యాలు" అంటూ వచ్చి, నా సంచిలో ఉన్న పెద్ద సీసా తీసి వెలుగులో పట్టుకున్నాడు. తేదీ చదివాడు. ఏం తేదీ అన్నది ఆయనకి వెంటనే తెలిసింది. ఆ రోజు ఆస్పత్రిలో నా పక్కన కూర్చున్నది ఆయనే. తర్వాత సీసా అడుగున ఉన్న మూట చూశాడు.

"ఈ మూట ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎందుకు?"

"ఫ్రిజ్ వాసన పట్టకుండా."

మాస్టారు సీసాని బల్ల మీద మెల్లగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడు. అక్క ఆయన వైపు, నా వైపు చూసి, తన కప్పు తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ బొగ్గు గుండా నీళ్ళు పోసి, వాసనన్నది లేకుండా చేసి, ఇరవై ఏళ్ళుగా రోజూ నా ముందు పెట్టుకుంటున్నాను. ఒక్కో గుళిక లోపల లెక్కలేనన్ని సన్నటి గదులు. గాలిలో తేలే దేన్నైనా లోపలికి తీసుకుని పట్టుకుంటాయి. నాకు తెలియనిది ఏమీ లేదు. తెలిసినవాడినే చేశాను. ఎలా చేశానంటే, వాసన అంటే నాకు ఎప్పుడూ బయటి నుంచి వచ్చి నీటిని పాడుచేసేదే. ఆమెది ఆ జాబితాలో లేదు కాబట్టి ఆమెది వాసనే అనిపించలేదు. అది వేరే ఏదో. అది ఆమె. బొగ్గు ఆమెను ముట్టుకుంటుందన్న ఊహ నాలో ఏ మూలా లేదు.

"వేడి చేస్తే వదులుతుంది కదా మాస్టారూ?"

"వదులుతుంది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఫ్రిజ్ రబ్బరూ, అందులో పెట్టిన కూరలూ, ఆవిడా, అన్నీ కలిపి ఒక్కసారే. కొంత మాడిపోయి. అది ఆవిడ కాదోయ్. అది చూసి ఆవిడనుకుంటే ఉన్నది కూడా పోతుంది నీకు."

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. దారిలో మనసు చాలా మార్గాలు చూపించింది. చెప్పకపోతే ఏం? పిల్ల మర్చిపోతుంది. నాలుగు రోజులు ముద్దుగా చూసుకుంటే సరిపోతుంది. కానీ నిన్న ఆ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిన తీరు మనసులోంచి పోలేదు.

పిట్ట బడి నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటోంది. పక్కన కింద కూర్చున్నాను.

"నిన్న నేను అన్నది తప్పు. నువ్వు అయిపోగొట్టలేదు."

బూటు లేసు ముడి వైపే చూస్తోంది.

"నేను అందులో ఒక బొగ్గు మూట పెట్టాను. అది పీల్చేసింది."

"నల్ల మూటా?"

"ఆ."

"అది మూట కదా. మూటకి ముక్కుంటుందా?" అంది. తర్వాత, పెద్దవాళ్ళ గొంతుతో, "నేను ఏడవకూడదని చెప్తున్నావు. పర్లేదు నాన్నా. నేను వెనక్కి ఇచ్చేస్తున్నాను కూడా."

"ఏం ఇచ్చేస్తున్నావు?"

"బడి నుంచి వచ్చాక, అమ్మమ్మ పడుకున్నప్పుడు. మొదట్లో పీల్చేదాన్ని. తర్వాత తగ్గిపోయింది. నా వల్లే కదా, ఇంక పీల్చలేదు. మూత తీసి లోపలికి ఊదుతున్నా." బుగ్గలు ఉబ్బించి, పెదవులు సున్నాలా చుట్టి ఎలాగో చూపించింది. "నాలోకి వచ్చింది ఉంటుంది కదా. అది బయటికి రావాలిగా. ఎంత ఊదినా రావడం లేదు."

వెనక్కి వెళ్ళదని చెప్పింది నేనే. ఆ పిల్ల దాన్ని నమ్మనూ లేదు, నమ్మకుండా ఉండనూ లేదు. నెలల తరబడి, బడి నుంచి వచ్చాక, ఫ్రిజ్ తలుపు ముందు కూర్చుని, చల్లటి సీసాలోకి తన తల్లిని ఊదుతూ ఉంది.

మాటలతో అయ్యే పని కాదని అర్థమైంది. తండ్రి మాటని ప్రేమ కింద కొట్టిపారేసే వయసు వచ్చింది దానికి. నాకు వచ్చిన విద్య ఒక్కటే.

"సరే. నన్ను నమ్మకు. నువ్వే చూడు" అన్నాను.

నారింజ తొక్క తెచ్చాం. ఉతికిన గుడ్డముక్కలు రెండు తీసుకున్నాం. తొక్కని పిట్టే నలిపింది. రెండు గుడ్డల మీదా ఒక్కో చుక్క. రెండు చిన్న సీసాలు. ఒకదాంట్లో గుడ్డ మాత్రమే. రెండోదాంట్లో గుడ్డతోపాటు, ల్యాబు నుంచి తెచ్చిన కొత్త బొగ్గు గుళికలు మూటకట్టి పెట్టాం. మూతలు తనే బిగించింది. నేను మోసం చేస్తానేమోనని రెండు మూతల మీంచి సీసాల మీదికి తన పెన్నుతో గీతలు గీసింది, తిప్పితే గీతలు కలవకుండా. అది నేను నేర్పింది కాదు. ఇంకో రోజు అయితే పొంగిపోయేవాడిని.

రెండు రోజులు సీసాలు బల్ల మీదే ఉన్నాయి. అత్తగారు వాటి చుట్టూ జాగ్రత్తగా తుడిచింది. పిట్ట బడికి వెళ్ళేముందు, వచ్చాక గీతలు సరిచూసుకునేది. నాతో అవసరమైనంతే మాట్లాడింది. ఆ రెండు రోజులూ ఒక కోరిక నాలో అటూ ఇటూ తిరిగింది. ఈ ఒక్కసారికి బొగ్గు పని చేయకపోతే బాగుండునని. పని చేయకపోతే ఆ పిల్ల మీది బరువు అలాగే ఉంటుందని తెలిసి కూడా.

మూడో రోజు సాయంత్రం, వెలుతురు ఇంకా ఉండగా, బల్ల దగ్గర నిలబడింది. గీతలు చూసింది. మొదటి సీసా తీసింది.

"ఇందులో ఉంది."

రెండోది తీసింది. పీల్చింది. గుడ్డ బయటికి లాగి ముక్కుకి ఆనించుకుని పీల్చింది. మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది.

"ఇందులో లేదు."

మూట తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇందులోకి వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"అమ్మది కూడా ఇలాగే?"

"ఇలాగే."

"మరి నేను పీల్చింది?"

"అది చాలా కొంచెం. నువ్వు రోజూ పీల్చినా ఇంత తొందరగా అయిపోయేది కాదు." రోజూ పీల్చి ఉంటేనే బాగుండేది, దానికైనా దక్కేది. ఆ మాట అనలేదు.

"అయితే నేను కాదు."

"నువ్వు కాదు."

ఆ పిల్ల భుజాలు కిందికి దిగాయి. అంతవరకు అవి పైకి ఉన్నాయని నేను గమనించలేదు. దగ్గరికి వస్తుందనుకుని చెయ్యి కొద్దిగా చాపాను. పిట్ట మూట వైపే చూస్తోంది.

"బొగ్గుకి తెలీదా, అది అమ్మదని?"

"తెలీదమ్మా. దానికి అన్నీ ఒకటే."

"నీకు తెలుసుగా."

నా దగ్గర సమాధానం ఉంది. ఇరవై ఏళ్ళ పని గురించి, పేర్ల జాబితా గురించి, మనిషికి బాగా దగ్గరైనది మనిషికి ఎందుకు కనపడదన్న దాని గురించి. అదంతా నిజమే. ఎనిమిదో ఏడు నడుస్తున్న పిల్ల ముందు అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"తెలుసు" అన్నాను.

పిట్ట మూటని బల్ల మీద పెట్టింది. రెండు సీసాలకీ మూతలు పెట్టింది. వాళ్ళ అమ్మమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు పల్చన, మాటలు వినిపిస్తాయి.

"అమ్మమ్మా, నేను కాదంట. నాన్నంట."

అత్తగారు ఏదో అడిగింది. పిట్ట సీసాల సంగతి, గీతల సంగతి, నారింజ సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ మధ్యలో ఏడుపు అందుకుంది. ఏడాదిగా నేను వినని ఏడుపు అది, చిన్నపిల్లల ఏడుపు, వెక్కిళ్ళతో, ఎవరినో తిడుతూ. ఆ తిట్టేది నన్నే. నేను తలుపు దాకా వెళ్ళాను. కొట్టకుండా అక్కడే నిలబడి, అది పూర్తయ్యేదాకా విన్నాను.